నటనాచార్యుడు స్టానిస్లావ్‌స్కీ

నాటకాభిమానులగు చదువరులకు స్టానిస్లావ్‌స్కీ నామము క్రొత్తది కాదు. నటనమును గూర్చి నలుగురు కూడి ముచ్చటించినచోట ఈ పేరు వినవచ్చుచునే యుండును. కాని ఆ పేరు వినినవారిలో ఆయన జీవితమెట్టిదో, దేనిని పోగొట్టుకొని దేనిని సంపాదించెనో యెరిగినవారు తక్కువ. ఆయన నటుడు, నాటకప్రయోక్త, గ్రంథకర్త, ఉపాధ్యాయుడు. ఈ నాలుగు వృత్తులును ఒక్కనియందు కూడుట యరుదు. కూడినను, ఒకటి మరియొకదానికి అడ్డుపడకుండుట మరింత యరుదు. ఈయన విషయమున అవి పెక్కుమారులు అడ్డుపడినవి. ప్రయోక్త నటుని బాధించెను. ఉపాధ్యాయుడు ప్రయోక్తను ప్రశ్నించెను. గ్రంథకర్త కడపటివరకును తాను వ్రాసినదానిని కొట్టివేయుచునే యుండెను.

1863వ సంవత్సరము జనవరి 17వ తేదీన, అనగా ఆనాటి రష్యా పంచాంగము ప్రకారము 5వ తేదీన, ఆయన మాస్కో నగరమున జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు కాన్‌స్టంటీన్. ఇంటిపేరు అలెక్సీయెవ్. తండ్రి సెర్గేయ్ అలెక్సీయెవ్ ధనికుడగు వర్తకుడు. మన వాడుకలో చెప్పవలెనన్న సరిగ వ్యాపారి. బంగారమును వెండిని సన్నని తీగగా లాగి, ఉడుపుల యల్లికపనికి వలయు సరిగను తయారుచేయు కర్మాగారము వారిది. నాటి రష్యాలో జనులు ప్రభువులనియు, మతగురువులనియు, వర్తకులనియు, కర్షకులనియు శ్రేణులుగా విభజింపబడి యుండిరి. వర్తకునకు ధనముండినను ప్రభువుల యెదుట మన్నన కొంచెమే. ఆ కొరతను మాస్కో వర్తకులు విచిత్రమైన రీతిని తీర్చుకొనిరి. ట్రెట్యకోవ్ అను వర్తకుడు జీవితమంతయు చిత్రపటములు సేకరించి 1892లో వానిని నగరమునకు దానమిచ్చెను. రైలుమార్గములు నిర్మించిన మామంతోవ్ సంగీతనాటకశాలను నడపెను. అలెక్సీయెవ్ కుటుంబమును ఈ కోవలోనిదే. మన కథానాయకుని మాతామహి ఫ్రాన్సు దేశమునుండి వచ్చిన నటీమణి యగుటచేత, నాటకాభిరుచి రక్తముననే కలదని కొందరందురు. రక్తముకన్న ఇంటి వాతావరణమే ముఖ్యమని నాకు తోచును. పదిమంది బిడ్డలు గల ఆ యింట సర్కసు, బొమ్మలాట, సంగీతనాటకము నిత్యకృత్యములు.

మాస్కో సమీపమున లుబీమొవ్‌కా యను గ్రామమందు వారికొక విడిది యుండెను. తండ్రి అచ్చట బిడ్డలకొరకు ఒక నాటకశాలనే కట్టించెను. 1877లో అందు ఆ కుటుంబమువారు ప్రదర్శించిన నాటకములలో పదునాలుగేండ్ల కాన్‌స్టంటీన్ వేషము ధరించెను. ఆనాడే ఒక నోటుపుస్తకము తీసి తన నటనలోని లోపములను వ్రాసికొన నారంభించెను. అట్టి పుస్తకములను ఆయన మరణపర్యంతము మానలేదు. బాలురు నాటకమాడుట వింత కాదు. ఆడినపిదప తానెచ్చట తప్పెనో రాత్రి కూర్చుండి వ్రాసికొను బాలుడు మాత్రము వింతయే.

పగలు కర్మాగారపు లెక్కలు, రాత్రి నాటకములు, ఇది ఆయన యౌవనము. ఔత్సాహిక సమాజములలో వేషము వేయుటకు ఇంటిపేరు పనికిరాదు. వర్తకుని కుమారుడు రంగమెక్కుట కుటుంబమునకు అపకీర్తి. కావున 1885 ప్రాంతమున స్టానిస్లావ్‌స్కీ యను మారుపేరు ధరించెను. అది ఆయన యెరిగిన యొక ఔత్సాహిక నటుడు వాడుకొనిన పేరు. ఆ సంవత్సరముననే ప్రభుత్వ నాటక పాఠశాలలో చేరి, మూడు వారములకే విడిచెను. అచ్చట పాఠమనగా గురువు చేసినట్లు శిష్యుడు చేయుట. ఎట్లు చేయవలెనో చూపువారుండిరి గాని, అది యెట్లు లోపలినుండి పుట్టునో చెప్పువారు లేరు. ఈ మూడు వారముల నిరాశయే తరువాతి యేబది యేండ్ల కృషికి బీజమని నా యభిప్రాయము.

1888లో మరికొందరితో కూడి కళాసాహిత్య సమాజమును స్థాపించెను. దాని వ్యయములో పెద్ద భాగము ఆయన చేతినుండియే పోయెను. షిల్లరు నాటకమొకదానిలో తనకు జోడుగా నటించిన మరియా పెట్రోవ్‌నాను 1889లో వివాహమాడెను. ఆమె లీలినా యను రంగనామముతో ప్రసిద్ధురాలు. తుదివరకు ఆయన సమాజముననే నటించిన ఉత్తమ నటి. మరుసటి యేడు జర్మనీనుండి మైనింగెన్ ప్రభువు నాటకసమాజము మాస్కోకు వచ్చెను. ఆ సమాజమందు గుంపులోని ప్రతివానికిని ఒక పని, ఒక ముఖము, ఒక వేషము నిర్ణయింపబడి యుండెను. దాని ప్రయోక్త క్రోనెక్ చేతిలో గంట పట్టుకొని నటులను సైన్యమువలె నడపుచుండెను. స్టానిస్లావ్‌స్కీ ఒక్క ప్రదర్శనమును తప్పక చూచెను. చూచి, తానును అట్టి నిరంకుశ ప్రయోక్త యయ్యెను. 1891లో టాల్‌స్టాయి రచించిన హాస్యనాటకమును తన స్వతంత్ర ప్రయోగముగా ప్రదర్శించి పేరొందెను.

మన నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పినది గదా. ఆ లెక్కను చూచినచో, ఈ దశలో ఆయన ఆహార్యమునకు దాసుడు. పూర్వకాలపు ఉడుపులు, నిజమైన కుర్చీలు, తలుపుల గొళ్లెములు, ఇవి యున్నచో జీవితమున్నట్లే యని నమ్మెను. సాత్త్వికమును వెదకుచు బయలుదేరుటకు ఇంకను పదునైదేండ్లు పట్టెను.

1897వ సంవత్సరము జూను 22వ తేదీన, పాత పంచాంగము ప్రకారము, మధ్యాహ్నము రెండు గంటలకు మాస్కోలోని స్లావ్యాన్‌స్కీ బజారను భోజనశాలలో ఇరువురు పురుషులు కలిసికొనిరి. ఒకడు స్టానిస్లావ్‌స్కీ. రెండవవాడు నెమిరోవిచ్ డాన్‌చెంకో, నాటకకర్త, నటనోపాధ్యాయుడు. వారి సంభాషణము అచ్చటనుండి లుబీమొవ్‌కాకు మారి, మరునాటి యుదయము ఎనిమిది గంటలకు గాని ముగియలేదు. పదునెనిమిది గంటలు! ఆ కాలమున రష్యా నాటకశాలలలో నిలిచియున్న దురాచారములనన్నిటిని వారు ఒక్కొక్కటిగా పరిశీలించిరి. ప్రముఖ నటుడు వచ్చినప్పుడు కథ నిలిచి కరతాళములు మ్రోగుట, పాఠము రాని నటుడు ప్రాంప్టరు గూటివైపే చూచుట, ఏ నాటకమునకైనను అవే తెరలు, అవే మేడలు వాడుట, ఇట్టివి వారి యసహ్యమునకు గురియైనవి. మన పద్యనాటకముల కాలమున రాజు చనిపోయి పడియుండియు, వన్స్‌మోరని కేక విని లేచి పద్యము మరల పాడిన ముచ్చటలు వినినవారికి ఈ యసహ్యమును వివరింప నక్కరలేదు. తుదకు ఒక యొడంబడిక కుదిరెను. నాటకముల యెన్నిక, సాహిత్యవిషయము నెమిరోవిచ్ వశము. రంగప్రయోగము స్టానిస్లావ్‌స్కీ వశము. ఎవరి వశమందు వారి నిరాకరణమునకు తిరుగులేదు. మాట సులభమే. నాటకమెచ్చట ముగిసి ప్రయోగమెచ్చట మొదలగునో చెప్పువాడెవ్వడు? ఈ చిక్కు వారి స్నేహమును నలువదేండ్లు తొలిచెను.

1898వ వేసవిలో మాస్కోకు కొంతదూరమున పుష్కినో గ్రామమందొక కొట్టమును సవరించి అందు ఒద్దికలు ప్రారంభించిరి. అక్టోబరు 14వ తేదీన, పాత లెక్కను, మాస్కో ఆర్ట్ థియేటరు తెర యెత్తబడెను. మొదటి నాటకము అలెక్సీ టాల్‌స్టాయి రచించిన చారిత్రకము. విజయము కలిగెను గాని, తరువాతి నాటకములు కొన్ని సాగలేదు, ధనము తరిగిపోయెను. అప్పుడు మిగిలిన యాశ చెఖోవ్ రచించిన సముద్రపక్షి నాటకము. అది రెండేండ్ల క్రిందట సెయింట్ పీటర్స్‌బర్గులో ఆడబడి, పరిహాసముపాలై, రచయితచేత నాటకరచనకే స్వస్తి చెప్పింపజూచినది. ఆ వైద్యునకు క్షయరోగము. ఇది మరల విఫలమైనచో ఆతని యారోగ్యమేమగునోయని భయపడి సోదరి ప్రదర్శనమును ఆపుమని కోరెను.

స్టానిస్లావ్‌స్కీకి ఆ నాటకము మొదట నర్థము కాలేదు. ఈ మాట ఆయనయే తరువాత నొప్పుకొనెను. అందు యుద్ధము లేదు, శపథము లేదు. మనుష్యులు తేనీరు త్రాగుదురు, పేకాడుదురు, ఒకరినొకరు ప్రేమించి విఫలులగుదురు. అయినను ఆయన ఖార్కోవ్ ప్రాంతమున సోదరుని యింట కూర్చుండి, ప్రతి సంభాషణమునకును ఎదుట కదలిక, విరామము, ధ్వని నిర్ణయించుచు ప్రయోగలిపిని వ్రాసి పంపెను. కప్పల బెకబెకలు, చిమ్మెటల రొద, దూరపు కుక్క మొరుగు, మాటకు మాటకు నడుమ దీర్ఘమైన మౌనము, ఇవన్నియు అందు గలవు. డిసెంబరు 17వ తేదీన ప్రదర్శనము. మొదటి యంకము ముగిసి తెర పడినప్పుడు ప్రేక్షకులనుండి చప్పుడు లేదు. నటులు తెరచాటున కొయ్యబారి నిలిచిరి. ఒక నటి యేడ్పు నాపుకొనజాలకుండెను. అంతలో ఒక్కసారిగా కరతాళధ్వనులు విరుచుకొనిపడెను. నాటినుండి ఆ సమాజపు తెరపై సముద్రపక్షి చిహ్నమై నిలిచినది.

చెఖోవ్ మాత్రము పూర్తిగా సంతృప్తుడు కాలేదని చెప్పక తప్పదు. రచయితలకును ప్రయోక్తలకును గల నిత్యకలహమునకు ఇది మంచి యుదాహరణము. చిమ్మెటల రొదను ఆతడు వేళాకోళము చేసెను. చెర్రీతోట హాస్యనాటకమని రచయిత పట్టుపట్టగా, 1904 జనవరిలో స్టానిస్లావ్‌స్కీ దానిని కన్నీటి నాటకముగా ప్రదర్శించెను. ఆ యేడు జూలైలోనే చెఖోవ్ కన్నుమూసెను. ఇందెవరిది న్యాయమనుటకు నేను సాహసింపను. కాని స్టానిస్లావ్‌స్కీ లేనిచో ఆ నాటకములు నాడు బ్రతికియుండెడివి కావు. చెఖోవ్ లేనిచో స్టానిస్లావ్‌స్కీ గొళ్లెములు కుర్చీలు దాటి లోనికి పోయెడివాడు కాడు.

నటుడుగా ఆయనకు మిక్కిలి ప్రియమైన పాత్ర ఇబ్సెన్ నాటకమందలి డాక్టర్ స్టాక్‌మన్. ఊరి స్నానఘట్టముల నీరు విషపూరితమని సత్యము చెప్పి, ఊరివారందరిచేత శత్రువనిపించుకొనిన వైద్యుడాతడు. 1901 మార్చి 4వ తేదీన సెయింట్ పీటర్స్‌బర్గులో కజాన్ చతుష్పథమందు విద్యార్థుల ఊరేగింపును ప్రభుత్వ సేవకులు క్రూరముగా చెదరగొట్టిరి. ఆ రాత్రియే అచ్చట ఈ నాటకము. సత్యమునకై పోరాడబోవువాడు క్రొత్త కోటు తొడుగుకొనరాదని స్టాక్‌మన్ పలుకు ఘట్టమున ప్రేక్షకులు లేచి రంగముపైకి చేతులు చాచి నటుని స్పృశింపజూచిరి. తాను రాజకీయమేమియు తలపలేదనియు, సత్యప్రియుడగు మనుష్యుని మాత్రమే చూపితిననియు ఆయన తరువాత వ్రాసెను. 1902లో గోర్కీ రచించిన పేదల నాటకమునకై నటులను వెంటబెట్టుకొని మాస్కోలోని దొంగలు, బిచ్చగాండ్రు నివసించు ఖిత్రోవ్ సంతకు పోయి చూపెను. అదే సంవత్సరము సవ్వా మొరోజోవ్ అను బట్టలమిల్లుల వర్తకుడు పెట్టుబడి పెట్టగా కామెర్‌గెర్‌స్కీ వీధిలో సమాజమునకు స్వంత నాటకశాల యేర్పడినది.

ఇట్లు కీర్తి శిఖరమునకెక్కిన పిమ్మట ఆయనకు గొప్ప యాపద సంభవించినది. అది రోగము కాదు, నష్టము కాదు. 1906లో సమాజము జర్మనీ మున్నగు దేశములకు పోయి ఘనసత్కారములందెను. ఆ వేసవిలో విశ్రాంతికై ఫిన్లండు దేశమునకు పోయి, సముద్రతీరమున బండపై కూర్చుండి, తాను ధరించిన పాత్రలను ఒక్కొక్కటిగా తలచుకొనెను. స్టాక్‌మన్ పాత్రయొక్క చేతి కదలికలు, నడక, కంటి చూపు, అన్నియు నున్నవి. ఆ పాత్రను పుట్టించిన భావము మాత్రము లేదు. ఎప్పుడు పోయెనో తెలియదు. ప్రేక్షకులు నిన్నటివరకును కన్నీరు కార్చుచునే యుండిరి. తాను మాత్రము ఖాళీ కుండను మోయుచుండెను. మరియొకడైనచో, ప్రేక్షకులు కనుగొననిదానికి నాకేల చింతయని యూరకుండెడివాడు. ఆయనకు నలుబది మూడేండ్లు. ఐరోపా యంతటను పేరు. అప్పుడు ప్రథమపాఠమునకు మరల కూర్చుండెను.

ఆయన ప్రశ్న యిది. గొప్ప నటునకు స్ఫూర్తి యొకనాడు కలుగును, మరియొకనాడు కలుగదు. టిక్కెట్టు కొనినవారందరును స్ఫూర్తి గల రాత్రియే వత్తురా? స్ఫూర్తిని ఆజ్ఞాపింపజాలము గాని, అది వచ్చుటకు త్రోవ చదును చేయవచ్చునా? భావమును నేరుగా పట్టబోయిన పారిపోవును. దుఃఖింపుమని నటునకు చెప్పినచో, దుఃఖము రాదు. దుఃఖము యొక్క వేషము వచ్చును. కావున నటుడు భావమును వదలి, పాత్రయున్న పరిస్థితులను సమగ్రముగా నూహింపవలెను. నేనే యీ పరిస్థితులలో నుండినచో ఏమి చేయుదునని తన్ను తాను అడిగికొనవలెను. ఈ క్షణమున పాత్ర యేమి కోరుచున్నదో, దానికై యేమి చేయుచున్నదో తెలిసికొనవలెను. చిన్న కోరికలన్నియు దారమున పూసలవలె నాటకమంతయు వ్యాపించిన పెద్ద కోరికయందు గ్రుచ్చబడవలెను. శరీరము బిగుసుకొనక సడలియుండవలెను. దృష్టి ప్రేక్షకులపై గాక తన యెదుటి చిన్న వలయముపై నిలువవలెను. తన జీవితమున నెప్పుడో యనుభవించిన భావములను జ్ఞప్తికి తెచ్చుకొని పాత్రకు పోయవలెను. వీనినన్నిటిని కూర్చి ఆయన విధానమనెను. లోకము స్టానిస్లావ్‌స్కీ విధానమనినది.

తరువాతి కాలమున ఆయన వ్రాసిన గ్రంథమునుండి ఒక పాఠమును చెప్పిన ఈ విషయము తేటపడును. ఒక శిష్యురాలు రంగముపై పోయిన పిన్నును వెదకవలెను. అది దొరకనిచో ఆమెకు చదువు సాగదను కథ కల్పింపబడినది. ఆమె రంగమెక్కి అటునిటు పరుగెత్తి, తల పట్టుకొని, రొమ్ము బాదుకొని దిగివచ్చెను. తనకెంతో బాగుగ వచ్చినదని సంతోషించెను. గురువు పిన్నేదని యడుగగా, వెదకుట మరచితినని తెల్లబోయెను. మరల పోయి నిజముగా వెదకుమని, దొరకనిచో నిజముగనే పాఠశాలనుండి పంపివేయుదునని చెప్పగా, ఈమారు తెర మడతలను ఒక్కొక్కటిగా తడవి చూచెను. చూచువారికి ఆ రెండవమారే గుండె కొట్టుకొనినది. ఒద్దికలలో నటుడు వేషము వేయుచున్నట్లు కనబడినంతనే, నమ్మజాలనని ఆయన కూర్చున్నచోటినుండి పలుకుచుండెడివాడట. ఆ యొక్క మాటకు వయోవృద్ధులగు నటులును వణకిరి.

విధానమును మొదట సహింపనివారు తన సమాజపు నటులే. 1909లో టుర్గేనెవ్ నాటకమును ఈ పద్ధతిని ప్రయోగించినప్పుడు వారు గొణుగుకొనిరి. ఇరువదేండ్లనుండి మెప్పు పొందుచున్న తమకు మరల ఓనమాలు దిద్దించుట వారికి కష్టముగ తోచెను. కావున 1912లో యువకులతో ప్రత్యేకముగ నొక స్టూడియో స్థాపించి, సుల్యెర్‌జీత్‌స్కీ యను మిత్రుని దానికి ఆచార్యునిగా నియమించెను. టాల్‌స్టాయి శిష్యుడగు ఈ మహాశయుడు జీతముకన్న పాఠము నెక్కువగా ప్రేమించినవాడు. వఖ్తాంగోవ్, మైకేల్ చెఖోవ్, బొలెస్లావ్‌స్కీ ఆ స్టూడియోలో పెరిగినవారే.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన యొక చిన్న ముచ్చట. 1911 ప్రాంతమున ఆయన చేతికి రామచరక యను పేర ప్రకటితమైన హఠయోగ గ్రంథము వచ్చెను. ఆ రామచరక భారతీయుడు కాడు. షికాగో నగరపు అట్కిన్‌సన్ అను అమెరికా దేశీయుడని తరువాత తేలినది. త్రోవ వంకరయైనను సరకు కొంత మనదే. ప్రాణమను పదమును, అవయవములను సడలించు నభ్యాసములను, ఏకాగ్రతను ఆయన స్టూడియో పాఠములలో చేర్చెను. సోవియట్టు కాలపు ముద్రణములలో ఆ ప్రాణము పోయి, కండరముల శక్తి యను మాట దాని స్థానమున నిలిచినది. మన సాత్త్వికాభినయమును ఆయన చదివెనని నేను చెప్పను. చెప్పుటకు ఆధారము లేదు. స్వతంత్రముగనే ఆ వాకిటికి వచ్చిచేరెనని సంతోషింతము.

1917వ సంవత్సరము ఆయన జీవితమున రెండు విధముల మరపురానిది. విప్లవముచేత కర్మాగారము, ఆస్తి చేజారిపోవుటకు నాంది యది. అంతకన్న లోతైన గాయము నాటకశాలలోనే తగిలెను. దొస్తొయెవ్‌స్కీ కథనుండి కూర్చిన నాటకమున కర్నలు రొస్తానెవ్ వేషమును ఆయన దీర్ఘకాలము సాధన చేసెను. యౌవనమున ఆ వేషమునే వేసి యానందించినవాడు. ఈమారు దానిని తన విధానముచేత లోతుగా త్రవ్వబోయెను. ప్రదర్శనము సమీపించినను పాత్ర పుట్టలేదు. తుది ఒద్దికల వేళ నెమిరోవిచ్ ఆ వేషమును ఆయననుండి తీసి మరియొకనికిచ్చెను. సమాజస్థాపకుడు, ప్రధాననటుడు, ఏబదినాలుగేండ్లవాడు వేషము తీసివేయబడి నిలిచెను. ఎదురు చెప్పలేదు. సమాజ క్రమశిక్షణము అందరికి నొక్కటియేనని తానే నేర్పినవాడు గదా! కాని నాటినుండి క్రొత్త నాటకమున క్రొత్త పాత్రను సృజింపలేదు. గురుత్వము నటుని చంపినదా, లేక తోడివాడు తొందరపడెనా యని విమర్శకులు నేటికిని తర్కింతురు. నాకు తోచునదేమన, గింజను మొలకెత్తించు విద్యను నేర్చినవానికి, దినమునకొకసారి మట్టిని త్రవ్వి చూచుట యను దోషము కూడ అంటుకొనును.

విప్లవానంతరము 1918లో బల్షాయ్ నాటకశాల గాయకులకు పాఠములు చెప్ప నారంభించెను. 1921లో పాత యింటినుండి వెడలి లియొన్‌త్యెవ్ వీధియింటికి మారవలసివచ్చెను. ఆ యింటి హాలులో నాలుగు స్తంభములు గలవు. ఆ స్తంభముల నడుమనే 1922లో చైకోవ్‌స్కీ సంగీతనాటకమును శిష్యులచేత నాడించెను. అనావశ్యకమగు అలంకరణమేమియు లేదు. ఒకప్పుడు గొళ్లెములకై ప్రాకులాడినవాడు, ఇప్పుడు నాలుగు స్తంభములతో తృప్తిపడెను.

ఆ యేటి శరత్తునుండి 1924వరకు సమాజము ఐరోపా, అమెరికాలలో సంచరించెను. 1923 జనవరిలో న్యూయార్కున ప్రదర్శనములు మొదలైనవి. ఆయన కుమారుడు ఇగోర్ క్షయరోగముచేత స్విట్జర్లాండున చికిత్స పొందుచుండెను, ఆస్తి లేదు. బోస్టను ప్రకాశకులు ఆత్మకథ వ్రాసిన ధనమిత్తుమనిరి. రోజు రాత్రి వేషము, పగలు ప్రయాణము, నడుమ గ్రంథరచన. నా కళాజీవితమను ఆ గ్రంథము 1924లో ముందుగా ఆంగ్లముననే వెలువడినది. తొందరలో వ్రాసినదానిని ఆయన మెచ్చక తిరిగి దిద్ది 1926లో రష్యను భాషలో ప్రకటించెను. అవసరము వ్రాయించిన గ్రంథమైనను, తన పరాజయములను ఇంత నిష్కపటముగ చెప్పుకొనిన నటుని యాత్మకథ మరియొకటి నేను చదువలేదు.

1928 అక్టోబరు 29వ తేదీన సమాజపు ముప్పదవ వార్షికోత్సవము. ముగ్గురు అక్కచెల్లెండ్ర నాటకపు మొదటి యంకమున ఆయన వెర్షీనిన్ వేషము ధరించెను. నడుమ గుండె నొప్పి వచ్చెను. అంకము పూర్తిచేసి, తెర పడినపిదప పడిపోయెను. వైద్యులు మరల రంగమెక్కగూడదనిరి. ఫ్రాన్సు దక్షిణ తీరమున విశ్రమించుచు ఒథెల్లో నాటకమునకు ప్రయోగలిపి వ్రాసి మాస్కోకు పంపెను.

చివరి పదియేండ్లు ఇంటియందే గడచినవి. నటులు, గాయకులు ఆయన యింటికే వచ్చిరి. ప్రభుత్వము ఘనబిరుదులిచ్చెను, 1936లో సోవియట్టు జననటుడని గౌరవించెను. గౌరవమే పంజరమగుట కూడ కలదు. ఆయన విధానమును ఏకైక శాసనముగా ప్రభుత్వము చాటుచుండగా, ఆయన గదిలో కూర్చుండి దానినే మార్చుచుండెను. బల్లచుట్టు నెలల తరబడి కూర్చుండి భావములను చర్చించుట చాలునని, లేచి పాత్ర చేయు పనులను వరుసగా చేయుడని, చేతి పని నిజమైనచో మనస్సు దానంతట వెంటవచ్చునని ఇప్పుడు బోధించెను. జ్ఞాపకములనుండి భావమును తోడు పూర్వపద్ధతికిది ఎదురు. 1934లో అమెరికా నటీమణి స్టెల్లా ఆడ్లర్ ఆయనను పారిస్‌లో కలిసి కొన్ని వారములు పాఠము చెప్పించుకొనెను. తిరిగి పోయి, జ్ఞాపకములను త్రవ్వుటయే విధానమని బోధించు తోటివారితో విభేదించెను. ఒక్క గురువు పేర రెండు సంప్రదాయములు వెలసెను. అందుకు గ్రంథములును కొంత కారణము. 1936లో ఆంగ్లమున వచ్చినది మొదటి సగమే. శరీరము, కంఠము, ఉచ్చారణము గూర్చిన రెండవ సగము 1949వరకు ఆంగ్లపాఠకులకు చేరలేదు.

ఈ కడపటి కాలమున ఆయన చేసిన పని యొకటి చెప్పవలసియున్నది. మెయెర్హోల్డ్ మొదట ఆయన సమాజములోని నటుడు. పిదప విరోధమార్గమున నడచి, స్టానిస్లావ్‌స్కీ పద్ధతి నంతయు నిరాకరించిన ప్రయోక్త. 1905లో ఆయన తన స్వంత ధనము పెట్టి ఈతనికొక స్టూడియో నేర్పరచి, అది ఫలింపక మూసివేసెను. 1938 జనవరిలో ప్రభుత్వము మెయెర్హోల్డ్ నాటకశాలను మూయించగా, నిన్నటివరకు పొగడినవారు పలుకరించుటకే భయపడిరి. అప్పుడు మంచమునంటియున్న వృద్ధుడు ఆతనిని పిలిచి తన సంగీత నాటకశాలలో ఉద్యోగమిచ్చెను. ఆ కాలమున అది యెంతటి సాహసమో తరువాతి సంఘటనలే చెప్పును. గురువు మరణించిన మరుసటి యేడు మెయెర్హోల్డ్ బంధింపబడి, 1940 ఫిబ్రవరి 2వ తేదీన చంపబడెను.

స్టానిస్లావ్‌స్కీ 1938 ఆగష్టు 7వ తేదీన మాస్కోలో దివంగతుడయ్యెను. నటుడు తన్ను తాను తీర్చిదిద్దుకొను విధమును గూర్చి ముప్పదియేండ్లు వ్రాసిన గ్రంథముయొక్క రష్యను ముద్రణము కొన్ని వారముల పిదప వెలువడినది. ఆయన మంచముచెంత కొందరు నటులు మోలియేర్ రచించిన టార్ట్యూఫ్ నాటకమును అభ్యసించుచుండిరి. అది ప్రదర్శనమునకు కాదని, కేవలము నేర్చుకొనుటకేనని ఆయన ముందే నిర్ణయించెను. ఆయన పోయిన పిదప కేద్రోవ్, తొపర్కోవ్ మున్నగు శిష్యులు ఆ యభ్యాసమును విడువక పూర్తిచేసి, 1939లో మాస్కో ఆర్ట్ థియేటరున ప్రదర్శించిరి.